చిసోమో వాళ్లమ్మ

"లిలోంగ్వే మార్కెట్లో నిన్నందరూ 'చిసోమో వాళ్లమ్మా' అని పిలుస్తారేం? ఎవరా చిసోమో?" తమ దేశంలోని చర్చికి నెలనెలా రాసే ఉత్తరం మీంచి తలెత్తి నన్ను అడిగింది దొరసాని.

"నా కూతురండి."

"ఎప్పుడూ చెప్పలేదే! ఆదివారం తీసుకురా. ఫొటో తీసి ఉత్తరంలో పెడతాను."

"చెప్పానండి. మొన్నటి వానల్లో మీ బాబుకి మలేరియా వచ్చినప్పుడే దానికీ వచ్చింది. ఇంటికెళ్తానంటే, 'బాబు నిన్ను వదలడం లేదు, నీ బిడ్డని దేవుడు చూసుకుంటాడు' అన్నారు."

"అవునవును. చూసుకున్నాడు కదా?"

"చూసుకుంటున్నాడండి. అప్పట్నుంచీ ఆయన దగ్గరే ఉంది."

దొరసాని కళ్లు తుడుచుకుంది. నా చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసింది. ఆమెన్ అనకపోతే పని పోతుంది. అందుకే అన్నాను.

"చిసోమో అంటే అర్థం ఏంటి?"

"కృప అండి."

ఆమె ముఖం వెలిగిపోయింది. "ఈ నెల ఉత్తరానికి శీర్షిక దొరికింది!" అంటూ పెన్ను అందుకుంది.