పెట్టెలో తేమ

“ఆ మూత తియ్యకు!” వంటగదిలోంచే కేకేసింది వదిన.

మరిది చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. బీరువా కింది అరలో, ఎండ తగలని మూల, దేవదారు చెక్క పెట్టె ఉంది. అన్నయ్య సిగార్లు దాచుకునే పెట్టె. అన్నయ్య పోయి నాలుగేళ్లయింది.

“ఊరికే చూద్దామని వదినా.”

“ఊరికే చూడ్డానికి అదేమైనా టీవీయా? తీసినప్పుడల్లా లోపలి తేమ పోతుంది. కాస్త ఆగు, నేను తీస్తాను.”

కాఫీ గ్లాసు అతని చేతికిచ్చి, చెయ్యి పొడిగా తుడుచుకుని, వదిన నేలమీద చతికిలబడింది. మూత మెల్లగా ఎత్తింది. మూత లోపలివైపు తేమ కొలిచే గుండ్రటి మీటరు. ముల్లు అరవై ఎనిమిది దగ్గర నిలబడి ఉంది.

“డెబ్బై దాటిందా, బూజు పడుతుంది. అరవైకి దిగిందా, పెళుసెక్కి ఆకు చిట్లిపోతుంది. వాసనే మారిపోతుంది,” అంది.

ఆస్పత్రి ల్యాబులో రక్తం సీసాలకు పేర్లు రాసి అంటించడం ఆమె పని. అక్కణ్ణుంచి తెచ్చుకున్న డిస్టిల్డ్ వాటర్ డ్రాపర్‌తో తీసి, మూలనున్న చిల్లుల డబ్బీలోని స్పాంజి మీద నాలుగు చుక్కలు వేసింది. అయిదో చుక్క వెయ్యలేదు.

“కొళాయి నీళ్లు పోస్తే ఏం?”

“అందులో సున్నం ఉంటుంది. నాలుగు రోజుల్లో స్పాంజి రాయైపోతుంది.”

“పోనీ, ఫ్రిజ్‌లో పడేస్తే పోలా?”

“అంతకంటే పొయ్యి మీద పెట్టడం నయం. తేమంతా పీల్చేసి, పైగా ఉల్లిపాయల వాసన పట్టిస్తుంది.” అడుగు వరసలోవి పైకి, పైవి అడుక్కి మార్చింది. ఒక్కొక్కదాన్నీ రెండు వేళ్లతో, నిద్రపోతున్నదాన్ని కదిలించినట్టు.

మరిది నవ్వాడు. “చంటిపిల్లకైనా ఇంత సేవ చెయ్యరు.”

వదిన నవ్వలేదు. అతను గ్లాసు పక్కన పెట్టాడు.

“ఒకటి అడుగుతాను, కోప్పడకు. ఇవి నాకిచ్చెయ్ వదినా.”

మూత టక్కున పడింది. “ఇవ్వను.”

“ఎవరు కాలుస్తారని? నీకసలు పొగంటేనే పడదు. అన్నయ్య అగ్గిపుల్ల గీస్తే చాలు, బాల్కనీ తలుపు దబ్బున వేసేదానివి. అన్నయ్య అటు, నువ్విటు. ఏదైనా చెప్పాలంటే తలుపు అద్దంలోంచి సైగలు!”

“వేసేదాన్ని,” అంది వదిన. కొంగు అంచు వేలికి చుట్టుకుంది. “పదహారేళ్లు వేశాను. ఇప్పుడవన్నీ ఎందుకులే.”

“నా దగ్గర అన్నయ్యదంటూ ఒక్క వస్తువు లేదు. వాచీ అక్కయ్య పట్టుకుపోయింది. కోటు బావగారికి సరిపోయింది. రేపు పొద్దున్నే నా రైలు. బదిలీ అయిన ఊళ్లో నన్ను పేరు పెట్టి పిలిచేవాడు లేడు. వారానికోసారి ఒకటి వెలిగించుకుంటే, అన్నయ్య పక్కన కూర్చున్నట్టుంటుంది. అంతే వదినా, ఇంకేం లేదు.”

ఆ మాటకి వదిన తలెత్తి చూసింది. ఇన్నాళ్లకి అతన్ని ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. తర్వాత మూత మళ్లీ తీసి, పై వరసలోంచి ఒకటి అతని చేతిలో పెట్టింది.

“ముందు ఒకటి కాల్చి చూడు. బాగుంటే పట్టుకెళ్లు.”

అతను దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వేళ్ల మధ్య దొర్లించాడు. ఎండిన ఆకు చిటపట ఎక్కడా లేదు. కిటికీ దగ్గర నిలబడి వెలిగించాడు. రెండు దమ్ములు పీల్చేసరికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

“అన్నయ్యే! అచ్చం అన్నయ్యే! నాలుగేళ్లనాటి సరుకంటే ఎవరైనా నమ్ముతారా? నిన్న కొన్నట్టుంది. నీ చేతిలో ఏదో మహిమ ఉంది వదినా.”

వదిన నేల మీద రాలిన పొగాకు పొడిని అరచేతిలోకి ఊడ్చింది.

“పదిహేడున్నాయి. ఒక్కటి ఉంచి మిగతావి తీసుకో. పెట్టె మాత్రం ఇవ్వను.”

జిప్పు సంచిలో పదహారూ సర్ది, తడి గుడ్డముక్క పెట్టిన చిన్న డబ్బీ ఒకటి పక్కన పెట్టి, గాలి చొరకుండా నొక్కి ఇచ్చింది. రైల్లో కిటికీ పక్కన పెట్టొద్దని రెండుసార్లు చెప్పింది. అతను వంగి ఆమె కాళ్లకి దణ్ణం పెట్టాడు.

“ఫోన్ చేస్తుంటాను వదినా.”

“అలాగే,” అంది. రెండేళ్ల కింద వచ్చినప్పుడూ అతను అదే మాట అన్నాడు.

మెట్ల మీద అడుగుల చప్పుడు మూడో అంతస్తు, రెండో అంతస్తు దిగి, వీధి గోలలో కలిసిపోయింది. ఆమె గడియ పెట్టి, ఫోను తీసి ఒక నంబరు నొక్కింది.

“సిగార్ల షాపేనా? రేపు పొద్దున వస్తాను. ఎప్పుడూ తీసుకునేవే, ఇరవై అయిదు తీసి పెట్టండి.”

“మీరా అమ్మా!” అవతల షాపాయన నవ్వాడు. “పోయిన ఆదివారమేగా పట్టుకెళ్లారు? రోజుకొకటి లెక్కన నెల రావాలే! సార్ జోరు పెంచినట్టున్నారు. నాలుగేళ్లుగా మీరే వస్తున్నారు, ఆయన్ని మాత్రం ఒక్కసారీ చూడలేదు. ఫోన్ ఒకసారి సార్‌కివ్వండి, పలకరిస్తాను.”

వదిన ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. మిగిలిన ఒక్క సిగార్‌నీ వెలిగించి, దగ్గు ఆపుకుంటూ, బాల్కనీలో ఖాళీ కుర్చీ ముందున్న పళ్లెంలో ఆనించి పెట్టి, ఎదురు కుర్చీలో కూర్చుంది.

“ఏమీ అనుకోకండి,” అంది గొంతు తగ్గించి. “సిగార్ కాలుతున్నంతసేపూ ఆయన నాతో తప్ప ఎవరితోనూ మాట్లాడరు.”