తొమ్మిదో నెల ఏడుపు

"మావాడు అందరికంటే ముందే బోర్లాపడ్డాడు డాక్టరుగారూ, ముందే పాకాడు," అని భర్త గొప్పలు పోతుంటే భార్య మొహం పక్కకు తిప్పుకుంది. వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్న అతను అవన్నీ చూసింది ఫోనులోనే.

"కానీ నేనెత్తుకుంటే చాలు, గుక్కపట్టి ఏడుస్తాడు. ఏదో లోపముంది. మందు రాయండి," అన్నాడు భర్త.

డాక్టరమ్మ బిడ్డను నిలబెట్టి చూసింది, చప్పట్లు కొట్టించింది. "లోపమేం లేదండీ. ఈ వయసులో మనవాళ్ళెవరో, బయటివాళ్ళెవరో తెలుస్తుంది. కొత్త మొహం చూస్తే ఏడుస్తారు. బాగా ఎదుగుతున్నాడు."

"చూశావా, ఎంత చురుకో!" అని అతను భార్యతో చెప్పి పొంగిపోయాడు.

మెట్లు దిగుతుండగా అతని మొహం మాడింది. "అంటే... నేను కొత్తవాణ్ణా?"

భార్య బిడ్డను అతని చేతుల్లో పెట్టింది. వాడు ఏడుపు లంకించుకున్నాడు.

"ఏడవనివ్వండి. మెల్లిగా పరిచయమవుతారులెండి," అని ఆమె ముందు నడిచింది.