కదలని అణువులు

లేపాక్షి వీరభద్రా! బంధాలు తెంచే నీ పాదాలకు మొక్కి ఈ ముచ్చట మొదలుపెడుతున్నాను.

"మల్లా అదే వచ్చినాది సార్!" పరిశోధక విద్యార్థిని ఫిర్దోస్ కంప్యూటరు తెరను తన గురువు వైపు తిప్పింది.

ఆమె చేతిలోని గాజుసీసాలో స్ఫటికం వెలుగును దాటనిస్తూ ఎర్రగా మెరుస్తోంది. కంప్యూటరు లెక్క మాత్రం అది లోహమేనని, వెలుగును దాటనివ్వదని మొండికేస్తోంది. పరిశోధన గ్రంథం అప్పగించే గడువు రేపే.

"లెక్కలో అణువులను యాడ పెట్టినావమ్మా?" అని ఆచార్యులు రామకృష్ణయ్య అడిగారు.

"మీ పాత వ్యాసంలో ఉండే చోట్లనే, కదలకుండా కట్టేసినా."

"వాటిని సర్దుకోనీలేదా?"

"మీరు పెట్టిన చోట్లు సార్. నేనెట్ల కదిలిస్తా?"

ఆయన పకపకా నవ్వారు. "గురుభక్తి నీకుంటే సరే, అణువులకేం ఖర్మమ్మా! ఇడ్సిపెట్టు."

ఆమె కట్లు విప్పింది. సాయంత్రానికి అణువులు రవ్వంత జరిగి కుదురుకున్నాయి. ఎలక్ట్రాన్ల శక్తి మెట్ల నడుమ, ఆ ఎరుపుకు తగినంత ఎడం తెరుచుకుంది; స్ఫటికం లోహం కాదని లెక్క ఇప్పుడు ఒప్పుకుంది.

సంతోషం ఆమె పెదవి దాకా వచ్చి ఆగిపోయింది. ఇది నిజమైతే ఆయన వ్యాసం నిలవదు. ఏనాడూ ఆయనకు ఎదురు చెప్పిన పిల్ల కాదు.

"సార్... మీ పాత లెక్క తప్పు."

రామకృష్ణయ్య తెరకు దగ్గరగా వంగి, తన పాత అంకెలను కొత్తవాటితో సరిపోల్చారు. తర్వాత లేచి, తన కుర్చీని ఆమె వైపు జరిపారు.

"కూర్చోమ్మా. ఆ మాట నీ గ్రంథంలో అట్లే రాయి."

విన్నవారందరికీ మెసలడానికి చోటు, నిజం పలకడానికి నోరు ఆ స్వామి ప్రసాదించుగాక.