కింది గది తాత

కుర్చీకి వైరు అల్లుతున్న ముసలాయన చేతులు ఒక్కసారి ఆగిపోయాయి.

టీవీలో నాయకుడు మైకు పట్టుకుని ఊగిపోతున్నాడు.

"ఎక్కడెక్కడినుంచో వచ్చి పడ్డ వీళ్ళు మనుషులా? పురుగులు! ఇంట్లో పురుగులు చేరితే ఏం చేస్తాం? మందు కొడతాం!"

చప్పట్లు మోగిపోయాయి.

సోఫాలో కూర్చున్న ఎలక్ట్రీషియన్ కూడా తలూపాడు. ఆ తరవాత గుర్తొచ్చింది, తన కుర్చీ బాగుచేస్తున్న మనిషి కూడా బయటినుంచి వచ్చినవాడేనని.

"నిన్ను కాదులే తాతా. నీ సంగతి వేరు."

"సరే బాబూ" అని ముసలాయన మళ్ళీ వైరు అందుకున్నాడు.

వంటింట్లోంచి ఎలక్ట్రీషియన్ భార్య వచ్చి టీవీ కట్టేసి వెళ్ళింది.

ముసలాయన వాళ్ళ కింది గదిలో దిగి ఆర్నెల్లయింది. వీధివీధీ తిరిగి కుర్చీలు అల్లుతాడు. మాటలో ఏదో వేరే యాస. వాళ్ళ పాపకి మాత్రం ఆ యాసలో కథ వినిపించకపోతే ముద్ద దిగదు.

నాయకుడి మాట వారం తిరక్కుండానే వీధిలోకి వచ్చేసింది.

గోడలమీద పురుగు బొమ్మలు వెలిశాయి. పాల బూత్ దగ్గర ముసలాయన వరసలో నిలబడితే, ముందున్నవాళ్ళు ముక్కు మూసుకుని నవ్వుకున్నారు.

ఎదురింటి రిటైర్డ్ మేనేజరు గేటు దగ్గరే ఆపి అడిగేశాడు.

"ఏమయ్యా, ఇంకా ఇంట్లో పెట్టుకున్నావా వాణ్ణి?"

ఎలక్ట్రీషియన్ మొహం మాడ్చుకుని ఇంట్లోకి వచ్చాడు.

"ఆయన్ని ఖాళీ చేయమంటాను" అన్నాడు భార్యతో.

"ఎవరికి అడ్డొచ్చాడండీ పాపం?"

"నాకు మాత్రం సరదానా? రేపు మన గోడమీదా ఆ బొమ్మ గీస్తారు. నలుగురిలో బతకాలా వద్దా?"

"ఆ నలుగురిలో మనం ఇద్దరం ఉన్నాంగా."

అతను కిందికి దిగాడు.

"తాతా... నువ్వు ఇంకెక్కడైనా గది చూసుకోవాలి."

అని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

ముసలాయన మంచం కిందినుంచి సంచీ లాగి, వైరు చుట్టలు సర్దుకున్నాడు. నిద్రపోతున్న పాపని లేపొద్దన్నాడు. గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"ఆ భుజం జాగ్రత్త బాబూ. బరువులెత్తకు."

ఆ భుజం విరిగి రెండేళ్ళయింది.

కొత్తగా కడుతున్న ఆస్పత్రిలో అతను వైరింగ్ చేస్తుండగా శ్లాబు కూలిపోయింది. దూలం కింద ఇరుక్కుపోయి అరుస్తుంటే, ఎవరో కూలీ కుర్రాడు ఒట్టి చేతులతో రాళ్ళు తవ్వుకుంటూ వచ్చాడు. కనుబొమ్మ మీద గాటు, మొహం నిండా సిమెంటు. అతన్ని బయటికి తోసేసి, "లోపల ఇంకొకాయన ఉన్నాడు" అంటూ మళ్ళీ దూరాడు.

మిగిలిన శ్లాబూ పడింది.

ఆస్పత్రి మంచం మీదినుంచి లేవగానే ఎలక్ట్రీషియన్ ఆ కుర్రాడి గురించి ఆరా తీశాడు.

"అలాంటివాడు మా దగ్గర పనే చెయ్యలేదు" అన్నాడు కాంట్రాక్టరు.

అతని మనుషుల్ని ఎంతమందిని అడిగినా అదే మాట. చివరికి అడగడం మానేశాడు.

ముసలాయన వెళ్ళిపోయాక వచ్చిన ఆదివారం ఉదయం వీధి చివర ఏదో అలికిడైంది.

"ఊరేగింపట! నాయకుడు ఆ మాట వెనక్కి తీసుకోవాలట!" అంటూ భార్య నీళ్ళ బిందె పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళింది.

అతను మేడమీద రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాడు.

నినాదాలు లేవు. తాపీ పనివాళ్ళు, నర్సులు, ఊడ్చేవాళ్ళు నడుస్తున్నారు. వాళ్ళ పక్కన ఈ ఊరివాళ్ళే, టీచర్లు, దుకాణాలవాళ్ళు కూడా నడుస్తున్నారు. చాలామంది గుండెలకి ఫొటోలు ఆనించుకున్నారు. ఫొటోల కింద పెద్ద అక్షరాలు.

'పురుగు కాదు, మా అన్న.'

'పురుగు కాదు, మా అమ్మ.'

"ఇంతమంది ఎక్కణ్ణుంచి వచ్చార్రా బాబూ!" అని గొణుక్కున్నాడు ఎలక్ట్రీషియన్.

అంతలో ఆ వరసలో ముసలాయన కనిపించాడు. భుజాన సంచీ, గుండెల మీద ఒక ఫొటో.

ఫొటోలో కుర్రాడు నవ్వుతున్నాడు. మొహాన సిమెంటు లేదు. కనుబొమ్మ మీద గాటు మాత్రం ఉంది.

మెట్లు ఎలా దిగాడో అతనికే తెలీదు. జనాన్ని తోసుకుంటూ వెళ్ళి ముసలాయన చెయ్యి పట్టుకున్నాడు. వేలితో ఫొటో చూపించాడు.

ముసలాయన తలూపాడు.

"నీ అడ్రసు మా అబ్బాయితో పనిచేసినవాళ్ళు చెప్పారు బాబూ."

"మరి... నాకెందుకు చెప్పలేదు తాతా?"

"చెబితే నీకు బరువు కదా."

"ఇంటికి పద. నీ గది ఎవరికీ ఇవ్వలేదు. ఎవడేమన్నా సరే, నువ్వు పద."

ముసలాయన అతని చెయ్యి మెల్లగా విడిపించుకుని, ఆ చేతినే రెండు చేతులతో పట్టుకున్నాడు.

"లేదు బాబూ. మధ్యాహ్నం బస్సుకి మా ఊరు వెళ్ళిపోతున్నా. వాళ్ళమ్మ కబురు కోసం కాచుకుని ఉంది."

"ఏం చెబుతావు తాతా ఆవిడకి?" అన్నాడు అతను తలొంచుకుని.

"మన చిన్నాడు బయటికి తోసిన మనిషి పెళ్ళాం బిడ్డలతో చల్లగా ఉన్నాడే, ఆ ఇంట్లోనే అద్దెకుండి కళ్ళారా చూసొచ్చానని చెబుతాను."