చెవిలో గొంతు లేని రోజు

గుంటూరులోని ఆ క్యాన్సర్ ఆసుపత్రిలో రెసిడెంటుగా చేరినప్పటి నుంచి డాక్టర్ వకుళ ఏ రోగికి ఏ వైద్యం చేయాలో చెవిలోని యంత్రం చెప్పినట్టే చేసింది. ఆ కాలంలో డాక్టర్లందరూ అంతే. అయితే శిక్షణలో ఒక్కరోజు మాత్రం అది లేకుండా వార్డు చూడాలి. ఆ ఉదయం ప్రొఫెసర్ కరుణాకర్ చేయి చాపగానే ఆమె దాన్ని తీసిచ్చింది. చుట్టూ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయినట్టనిపించింది.

మధ్యాహ్నం రక్త క్యాన్సర్‌కు వైద్యం చేయించుకుంటున్న మస్తానమ్మ పిలిచింది.

“డాక్టరమ్మా, చలేస్తోంది. ఒళ్లంతా వణికిపోతోంది.”

వకుళ నుదురు తాకి చూసింది. కాలిపోతోంది. మందుల వల్ల మస్తానమ్మ రక్తంలో రోగాన్ని ఎదిరించే కణాలు దాదాపు లేవు. ఆలస్యమైతే ప్రాణం దక్కదు. ఏ మందివ్వాలి, ఎంతివ్వాలి? చదివిందేదీ గుర్తుకు రాలేదు. పక్కనే నిలబడ్డ ప్రొఫెసర్ వైపు తిరిగింది.

“సార్, భయంగా ఉంది. మీరే చెప్పండి.”

“తప్పు చేస్తే ఆపుతాను. ముందు ఆమెను చూడు,” అన్నారాయన.

వకుళ మస్తానమ్మ మణికట్టు పట్టుకుంది. నాడి బలహీనంగా, వేగంగా కొట్టుకుంటోంది. పరీక్షకు రక్తం తీసి, యాంటీబయాటిక్ పేరూ మోతాదూ తడబడుతూ పైకి చెప్పింది. ఆయన ఆపలేదు. నర్సు మందు ఎక్కించింది.

పడిపోతూ వచ్చిన బీపీ సాయంత్రానికి నిలబడింది. వకుళ చేతులు మాత్రం ఇంకా వణుకుతూనే ఉన్నాయి. మస్తానమ్మ వాటినే చూస్తూ నీరసంగా అంది.

“ఇన్నాళ్లూ మీలో ఒక్కరైనా కంగారు పడలేదు. నేను బతకనని మీకు ముందే తెలిసిపోయిందేమో అనుకున్నానమ్మా.”