కెప్టెన్ పేరు

"నా పేరు కూడా చెక్కాలి," అన్నాడు కురోసే.

సుగయా ఉలి పక్కన పెట్టి చేతులకంటిన రాతిపొడి దులుపుకున్నాడు. ఆ రేవు ఊళ్ళో రాళ్ళు చెక్కేవాడు అతనొక్కడే. స్మారకశిల సంఘానికి పెద్ద కూడా అతనే.

"కెప్టెన్ గారూ, ఇది పోయినవాళ్ళ రాయి. మీరు బతికే ఉన్నారు కదండీ."

"పోయినవాళ్ళలో కలపమనలేదు. అందరికంటే పైన, 'ఇసోబుకి నౌక, కెప్టెన్ కురోసే తదఫుమి' అని వెయ్యి. చాలు."

"ఊరు ఊరుకోదు."

"ఊరుకోనక్కర్లేదు. నా పేరు లేకపోతే అన్నిటికంటే పైన ఎవరి పేరుంటుంది?"

సుగయా జాబితా చూశాడు. "ఇవాకి మొతోయా. ఓడలో మీ తర్వాత అతనే కదా."

"రేపు ఇది చదివిన ప్రతివాడూ, వీళ్ళందరినీ చావుకి తీసుకెళ్ళిందెవడని అడుగుతాడు. దానికి జవాబు రాయి మీదే ఉండాలి."

ఇంత పొగరు పనికిరాదనుకున్నాడు సుగయా. కానీ కురోసే కళ్ళలోకి చూసి, జాబితాలో అన్నిటికంటే పైన ఆ పేరు రాసుకున్నాడు.

యుద్ధం ముగియడానికి నాలుగు నెలల ముందు ఇసోబుకి కురె నౌకాదళ రేవు నుంచి బయలుదేరింది. అందులో పోసిన చమురు వెళ్ళడానికే తప్ప తిరిగి రావడానికి సరిపోదు. రెండు వందల పన్నెండు మంది వెళ్ళారు. అందులో ఈ ఊరి వాళ్ళు ముప్ఫై ఒక్కరు. ఒక్కడూ తిరిగి రాలేదు.

ఆ ఏడు ఆకులు రాలే కాలంలో కురోసే మాత్రం ఒంటి మీద గీత కూడా పడకుండా, భార్య సాఎ పుట్టిన ఈ ఊరికి నడుచుకుంటూ వచ్చాడు. నువ్వెలా బతికావని అందరూ అడిగారు. చెప్పలేదు. పొద్దున్నే గుమ్మంలో కుళ్ళిన చేప తలకాయలు ఉండేవి. ఊడ్చి పారబోసి, పడవల ఇంజన్లు బాగుచేసే తన కొట్టు తెరిచేవాడు. సగం మంది జాలర్లు ఆ కొట్టు గడప తొక్కేవాళ్ళు కాదు.

"వేరే ఊరు పోదామండీ," అని సాఎ ఎన్నోసార్లు అడిగింది.

"తప్పు చేసినవాడిలా నేనెక్కడికీ పారిపోను," అనేవాడు.

అలా ఎనిమిదేళ్ళు గడిచాయి.

శిల మీది తెల్లగుడ్డ తీసిన రోజు కొండ మీద ఊరంతా ఉంది. మంత్రాలు పూర్తయ్యాక మొతోయా తల్లి హత్సు, ఎండుచేపలు అమ్మే ముసలామె, జనాన్ని తోసుకుంటూ వచ్చి కురోసే ఎదుట నిలబడింది.

"అందరి నెత్తినా నీ పేరు వేయించుకున్నావట. సిగ్గు లేదూ?"

"లేదమ్మా."

"నా మొతోయా చిన్నప్పటి నుంచీ పెద్దవాళ్ళ మాట జవదాటి ఎరగడు. నువ్వు పద అన్నావు, వాడు వెళ్ళాడు. నువ్వు మాత్రం రాయిలా వచ్చి ఇక్కడ నిలబడ్డావు."

కురోసే ఆమె ముందు నుంచి పక్కకి జరగలేదు.

"ముప్ఫై ఒక్క ఇళ్ళ వాళ్ళం ఉన్నాం. మోకాళ్ళ మీద కూర్చో. నుదురు నేలకి ఆనించి, తప్పయిందని ఒక్కసారి చెప్పు. ఇక జన్మలో నిన్నేమీ అనను."

"చెప్పెయ్యండి, పీడ వదిలిపోతుంది," అని సుగయా చెవిలో గొణిగాడు.

"చెప్పను," అన్నాడు కురోసే. గొంతు పెంచలేదు. అయినా చివరి వరస దాకా వినిపించింది. "తిట్టండి, కొట్టండి, నిలబడతాను. కానీ ఓడ కదిలిన ఆ ఉదయం నేను చేసినదానికి సిగ్గుపడను. మళ్ళీ ఆ ఉదయమే వస్తే మళ్ళీ అదే చేస్తాను."

జనంలో ఎవరో థూ అన్నారు. హత్సు గుప్పెడు ధూపం బూడిద తీసి అతని మొహాన కొట్టింది. అతను తుడుచుకోలేదు. నడుం వంచకుండా మెట్లు దిగి ఇంటికి వెళ్ళాడు.

ఆ బూడిద చూసిన సాఎ చేతిలోని గరిట పక్కన పెట్టేసింది.

"ఎనిమిదేళ్ళు నోరు మూసుకున్నాను. ఇక నా వల్ల కాదు," అంటూ బట్టలపెట్టె అడుగు నుంచి నౌకాదళం వాళ్ళ కాగితం ఒకటి తీసి కిమోనో చేతి మడతలో దోపుకుంది.

"వద్దు సాఎ. హత్సు గారికి మిగిలింది అదొక్కటే."

"మీరు ఎవరి మాటా వినరు. నేను మాత్రం ఎందుకు వినాలి?"

ఆమె కొండెక్కేసరికి జనం వెళ్ళిపోయారు. హత్సు ఒక్కతే రాయిని వేళ్ళతో తడుముతోంది.

"నువ్వా సాఎ? రా. నీ మీద నాకే కోపమూ లేదు. నీ మొగుడి పాపానికి నువ్వేం చేస్తావు?"

సాఎ పళ్ళు బిగించి చేతి మడతలో చెయ్యి పెట్టింది. కాగితం వేళ్ళకి తగిలింది.

"దగ్గరివి ఆనట్లేదే తల్లీ. మా వాడి పేరు ఎక్కడుందో కాస్త చూపిద్దూ."

సాఎ రాయిని తడుముతున్న ఆ ముసలి వేళ్ళ వైపు చూసింది. తర్వాత ఖాళీ చెయ్యి బయటికి తీసి, ముసలామె వేళ్ళు పట్టుకుని రెండో వరస మీద ఆనించింది.

"ఇదిగో, ఇక్కడ."

"బాగా చెక్కాడా?"

"నిండుగా ఉంది."

హత్సు ఆ అక్షరాలకి చెంప ఆనించింది. "పిచ్చి నాయన. ఎవరేం చెప్తే అది చేసేవాడు."

సాఎ ఆమె పక్కనే కూర్చుంది, కాగితం మళ్ళీ ముట్టుకోలేదు. అందులో ఇలా ఉంది: "సిబ్బందిని తిరిగిరాని ప్రయాణానికి తీసుకెళ్ళనని ఆజ్ఞను ధిక్కరించిన కెప్టెన్ కురోసేను పదవి నుంచి తప్పించి ఒడ్డున ఖైదు చేసి, తానే తీసుకెళ్తానని ముందుకొచ్చిన లెఫ్టినెంట్ ఇవాకి మొతోయాకు ఇసోబుకిని అప్పగించడమైనది."