ఇరవైమూడో నంబరు మనిషి

“ఇరవైమూడుని తీసెయ్యమ్మా. ఆ లెక్క చూస్తే ఎవరూ నమ్మరు,” అన్నారు మేడమ్, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుంటూ.

ఆమె తల అడ్డంగా ఊపింది. రెండు వారాల సెలవు తర్వాత ఆ రోజే పనిలోకి వచ్చింది. వచ్చీ రాగానే మేడమ్‌తో వాదన పెట్టుకోవడం తనకే బాగనిపించలేదు. కానీ ఇరవైమూడుని వదలబుద్ధి కాలేదు.

విశ్వవిద్యాలయంలో మూడో అంతస్తు, ఒకటే గది, ముగ్గురే మనుషులు. మేడమ్, ఆమె, ఒక ప్రోగ్రామర్. ఫోన్లో రాసి, పంపకుండా చెరిపేసుకునే మాటల మీద వాళ్ళ పరిశోధన. ఒప్పుకున్నవాళ్ళ ఫోన్లలో ప్రోగ్రామర్ తయారుచేసిన కీబోర్డు వేశారు. ఏం రాశారో అది చూడదు. ఎన్ని అక్షరాలు రాశారు, ఎన్ని చెరిపారు, ఎప్పుడు, ఎంతసేపు, అప్పుడు అవతలివాళ్ళు లైన్లో ఉన్నారా లేదా, అంతే. పేర్లుండవు. రాసేవాళ్ళకి యంత్రమే వరసతో పనిలేకుండా ఇచ్చే ఒక నంబరు, అందుకునేవాళ్ళకి ఒక అక్షరం. ఊళ్ళోవాళ్ళకి ఇచ్చేముందు ముగ్గురూ తమ ఫోన్లలోనే వేసి చూసుకున్నారు. మేడమ్ ఫోను రెండుసార్లు మొరాయించింది. అందులోంచి దాన్ని పీకేసరికి ప్రోగ్రామర్‌కి తలప్రాణం తోకకొచ్చింది.

ఇంటర్వ్యూల్లో జనం చెప్పేదొకటి, లెక్క చెప్పేదొకటి. అడిగితే అందరూ “ఎప్పుడో ఓసారండీ” అనేవాళ్ళే. తీరా చూస్తే రోజూ అదే పని. ఆ మాట ఎవరు అన్నా ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వాపుకునేవాళ్ళు.

ఈ ఇరవైమూడు రోజూ పొద్దున ఏడుంపావుకి ‘క’ అనే మనిషి మెసేజీల పేజీ తెరుస్తారు. రెండు మూడొందల అక్షరాలు రాస్తారు. అన్నీ చెరిపేసి మూసేస్తారు. ఆదివారాలు కూడా మానకుండా తొంభై ఆరు రోజులు. ఒక్క అక్షరం పంపలేదు. తర్వాత ఉన్నట్టుండి రాయడమే ఆపేశారు.

యంత్రం తప్పు లెక్కేసి ఉంటుందని మేడమ్ అనుమానం. తన కీబోర్డుని అంటే ప్రోగ్రామర్ ఊరుకోడు.

“ఆ టైముకి ‘క’ కూడా లైన్లోనే ఉంటున్నారు మేడమ్. లెక్కలో అదీ పడింది. ఇవతల రాస్తున్నంతసేపూ అవతల ‘టైప్ చేస్తున్నారు’ అని కనపడుతూనే ఉంటుంది కదా. వస్తుందేమో, వస్తుందేమో అని చూస్తూ కూర్చునుంటారు పాపం,” అన్నాడు. ఆమెకేసి తిరిగి, “నువ్వేమంటావక్కా?” అని అడిగాడు.

అక్కా అన్న పిలుపుకి ఆమె తెర మీంచి చూపు తిప్పుకుంది. ఇక ఆ పిలుపు పరాయివాళ్ళ నోటే వినాలి. రెండు వారాల క్రితం ఆమె తమ్ముడు పోయాడు. పనిచేసే చోటే కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట.

ఆ అక్కాతమ్ముళ్ళకి ఏడేళ్ళుగా మాటల్లేవు. తల్లి ఆఖరి రోజున, ఊపిరి మిషను తీసెయ్యమంటారా అని డాక్టర్లు అడిగితే, అక్క వచ్చేదాకా ఆగకుండా వాడు సంతకం పెట్టేశాడు. పరుగెత్తుకుంటూ వచ్చిన ఆమె ఆసుపత్రి వరండాలో పదిమంది ముందు, “అమ్మని నువ్వే చంపావు,” అనేసింది. వాడు తలొంచుకున్నాడు. అంతే, ఆ రోజుతో సరి. ఆ మాట తప్పని ఆమెకి ఏడాది తిరక్కుండానే తెలిసింది. తెలిసినా నోరు రాలేదు.

తమ్ముడి శవం దగ్గర ఆమెకి చుక్క కన్నీరు రాలేదు. రాతిగుండె అని చుట్టాలు గుసగుసలాడుకున్నారు. మరదలు మాత్రం ఆమె భుజం మీద తల పెట్టి ఏవేవో చెప్పుకుని ఏడ్చింది. “పొద్దున్న లేస్తే ఫోనే లోకం వదినా ఈయనకి. కాఫీ చల్లారిపోతున్నా ఉలుకూ పలుకూ ఉండేది కాదు,” అంది. ఏ ఇంట్లో చూసినా ఇదే గొడవ కదా అనుకుంది ఆమె అప్పుడు.

అక్కాతమ్ముళ్ళ సంగతి తెలిసిన మేడమ్ తన కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నారు. ఇన్నేళ్ళలో తమ్ముడు గుర్తొచ్చేవాడు కాదా అని మెల్లిగా అడిగారు.

“ఎప్పుడో ఓసారి పలకరిద్దామనిపించేది మేడమ్. అంతే.”

ఈసారి ఎవరూ నవ్వలేదు.

“నాకెలాగూ టైము అయిపోయింది,” అంది ఆమె. “ఇరవైమూడుకి ఇంకా ఉందేమో. అవతలి మనిషి ఇంకా ఎదురుచూస్తున్నారేమో. ఒక్క మాట చెప్పనివ్వండి మేడమ్.”

మేడమ్ వెంటనే ఒప్పుకోలేదు. మన పని చూడటమే గాని వేలు పెట్టడం కాదని నచ్చజెప్పారు. పద్నాలుగు రోజులుగా ఆపేసిన మనిషిని మళ్ళీ కదపడం దేనికన్నారు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే చూడలేక చివరికి, “సరే, ఈ ఒక్కసారికే,” అన్నారు.

పేరు తెలియకుండానే నంబరుని బట్టి ఆ ఫోనుకి కబురు పంపే దారి ఒకటుంది. అవసరానికి ఉంటుందని పెట్టిందే గాని అంతవరకూ వాడలేదు. ప్రోగ్రామర్ అది తెరిచి, కంప్యూటరు ముందు నుంచి లేచి ఆమెకి చోటిచ్చాడు.

ఆమె రాసింది, చెరిపింది. మళ్ళీ రాసింది, మళ్ళీ చెరిపింది. చివరికి ఇలా రాసింది: ‘మీరెవరో నాకు తెలీదు. రోజూ రాసి చెరిపేసే ఆ మాట పంపేయండి. అవతల మీకోసం ఒకరు కాచుక్కూర్చున్నారు. నేను ఆలస్యం చేశాను. మీరు చెయ్యకండి.’

ఇరవైమూడు అని కొట్టి, బటను నొక్కింది. గదిలో ముగ్గురూ తెర వంక చూస్తున్నారు.

బల్ల మీదున్న ఆమె ఫోను మోగింది.